చారల జంపఖానా మీద ఎర్ర కండె

కొత్తవాడలో పెనిమిటి ఎల్లస్వామి మగ్గం మీద జంపఖానాలు నేస్తుంటే, సమ్మమ్మ రాట్నం ముందు కూచుని కండెలకు నూలు చుట్టేది. వాళ్ల బిడ్డ సారక్క పుట్టగానే ఏడవలేదు. నీలం తిరిగింది. మంత్రసాని తలకిందులు చేసి వీపు చరిస్తేగాని ఊపిరి అందలేదు.

రెండేండ్లు నిండినా సారక్క కంచంలో రొట్టెను అందుకునేది కాదు. కాకి ఎగిరితే మాత్రం తల తిప్పేది.

"కాకి కనబడ్తది గని కంచం కనబడదా? అంతా నకరాలు. మీ అమ్మగారింటి మొండితనం," అనేది అత్త బక్కమ్మ.

సమ్మమ్మ కూడా అదే నమ్మింది. పిల్ల మీద రెండుసార్లు చెయ్యి చేసుకుంది.

డెబ్బై ఎనిమిది ఎండాకాలం. వాకిట్లో పరిచిన చారల జంపఖానా మీద ఎర్ర కండె జారిపడింది. సారక్క దాని పక్కనే తడుముతోంది, దొరకలేదు. కండె ఉత్త నేల మీదికి దొర్లింది. పిల్ల గబుక్కున పట్టుకుంది. సమ్మమ్మ రాట్నం ఆపేసింది. మళ్లీ చారల మీద పెట్టింది, దొరకలేదు. తెల్ల ధోవతి పరిచి పెట్టింది, దొరికింది. ఎన్నిసార్లు చూసినా అంతే. కొట్టిన చెయ్యిని ఒళ్లో దాచుకుని కూచుంది.

మర్నాడు జంపఖానా, ధోవతి, కండె మూటగట్టి, బిడ్డనెత్తుకుని దవాఖానకు పోయింది. డాక్టరు టార్చి వేసి చూశాడు.

"కండ్లు మంచిగున్నయి."

"సారూ, జర ఇది సూడుండ్రి," అని మూట విప్పబోయింది.

"ఇది దవాఖాననా, అంగడా? నువ్వే డాక్టరువైతే నా దగ్గరికెందుకొచ్చినవ్?"

లైనులో జనం నవ్వారు. డాక్టరు చీటీ రాసిచ్చాడు. కాంపౌండరు చదివి చెప్పాడు: కండ్లల్ల దోషం లేదు, పిల్లకే తెలివి తక్కువ. కూలి మనిషి మూట విప్పితే చూడ్డానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం మన దవాఖానల్లో పేదలకు దొరకదు.

ఆ చీటీ మాటే బడిదాకా పాకింది. "మొద్దు" అని పంతులు మూలన కూచోబెట్టాడు, ఏడాదికే మాన్పించారు. సమ్మమ్మ పూలచీరలు కట్టడం మానేసింది. అంచులేని ఎర్రచీరే. గుంపులో బిడ్డకు తల్లి దొరకాలె గదా.

ఎనభై ఐదులో వాడకు కంటిపరీక్షల క్యాంపు వచ్చింది. సమ్మమ్మ బిడ్డతో, మళ్లీ అదే మూటతో పోయింది. ఒక చిన్న వయసు డాక్టరమ్మ మూట విప్పించి, కండెను తనే అటూ ఇటూ పెట్టి చూసింది. కాన్పు ఎట్లా జరిగిందో అడిగింది.

"చూపంటే కండ్లొక్కటే కాదమ్మా, మెదడు గూడ. పుట్టినప్పుడు ఊపిరాడక అక్కడ దెబ్బ తగిలినట్టుంది. పసితనంలనే తెలిస్తే చానా నేర్పేటోళ్లం. ఇన్నేండ్లు ఏం చేసినవ్?"

సమ్మమ్మ రేకుపెట్టెలో దాచిన చీటీ తెచ్చి ముందు పెట్టింది. డాక్టరమ్మ తారీఖు చూసింది, కింద సంతకం చూసింది.

"ఈ సారు ఇంకా ఉన్నడా?"

"ఉన్నడు బిడ్డా. ఇప్పుడు ఆ దవాఖానకే పెద్దసారు."