ఒకటో నంబరు మేక

చదువు రాదని నాకు చాలామంది చాలా పనులు ఇవ్వలేదు. చదువు రాదు కాబట్టే నా చేతికి వచ్చిన పని ఒక్కటే. అది మా ఊరి బడిలో ఆడపిల్లల ఖోఖో జట్టుకు వెయిటింగు లైను చూసుకునే పని.

మాది బచ్చన్నపేట దగ్గరి పల్లె. వాన పడితే చెరువు నిండేది, పడకపోతే పత్తి చేను మొహం చూస్తూ కూర్చునేవాళ్లం. ఆ బడిలో నేను ఆయమ్మను. గదులు ఊడ్వడం, కుండల్లో నీళ్లు నింపడం, గంట కొట్టడం నా వంతు. అక్షరాలు నలభై ఏళ్లు దాటాక నేర్చుకున్నాను. ఇది అంతకు ముందరి మాట, ఎనభైల మొదట్లోది. ఎందుకు చదువుకోలేదని ఎవరైనా అడిగితే, "అరవై తొమ్మిదిల లొల్లి అయింది గదా, బడులన్నీ బంద్ పెట్టిండ్రు" అని దర్జాగా చెప్పేదాన్ని. విన్నవాళ్లు అయ్యో అనేవాళ్లు. తెలంగాణ కోసం చదువు వదులుకున్నదానిలా నేనూ మొహం పెట్టేదాన్ని. నిజానికి ఆ ఏడు నాకు పెళ్లయి చంకలో ఒక పిల్ల, చేతిలో మేకల తాడు. బడులు తెరిచినా మూసినా నాకు ఒకటే. మా మేకలకూ ఒకటే.

ఆ సంవత్సరం మా పీటీ సారు ఆడపిల్లలతో ఖోఖో జట్టు కట్టాడు. తొమ్మిదిమంది ఆడాలి, ముగ్గురు పక్కన ఉండాలి. పన్నెండుమందిని ఏరుకుని రోజూ సాయంత్రం ఆడించేవాడు. సంక్రాంతి దాటాక జనగామలో ఆటల పోటీలు. పత్తి ఏరే రోజులు కాబట్టి ఎవరో ఒకరు మానేస్తారని ఆయనకు తెలుసు. మానేసిన పిల్ల జాగాలోకి ఎవరు రావాలో ముందే కాగితం మీద వరుసగా రాసి పెట్టుకున్నాడు. అక్కడే పీకల దాకా మునిగాడు. పొద్దున ఒక తండ్రి వచ్చి "సారూ, మా పిల్లను జర ముందుకు జరుపుండ్రి" అనేవాడు. సాయంత్రం ఒక మేనమామ వచ్చేవాడు. సారు మెత్తని మనిషి. కాదనలేక కొట్టేసి రాసి, రాసి కొట్టేసి, చివరకు ఆ కాగితంలో పేర్ల కన్నా గీతలే ఎక్కువైనాయి.

ఒకరోజు నేను కుండ కడుగుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, బోరింగు కాడ లైను నువ్వే సూస్తవట గదా?"

"నేను సూడకపోతే రోజుకొక తల పగులుతది సారూ."

"గీ పిల్లల లైను గూడ జర సూడరాదు."

"నాకు రాయరాదు సారూ."

"గందుకే అడుగుతున్న. రాయరానోళ్లతోని ఎవలూ పేరు కొట్టేపియ్యలేరు."

ఆ మాటకు పొంగిపోయాను. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పాను.

"అంటే చదువు రాదని మెచ్చుకున్నడన్నట్టు" అన్నాడు.

"నీకు గూడ రాదు గదా. నిన్నెందుకు పిలువలే?" అన్నాను. ఆయన బీడీ వెలిగించుకుని బయటికి పోయాడు.

బోరింగు దగ్గర మా కట్టుబాటు ఒకటి ఉండేది. పొద్దంతా నిలబడలేం కాబట్టి బిందె పెట్టి ఇంటికి పోతాం. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. బిందె తీస్తే జాగా పోయినట్టే. కొత్త బిందె ఎవరిదైనా సరే, చివరకు పోవాల్సిందే. ఊళ్లో అందరికన్నా ఎక్కువ భూమి ఉన్న పటేలింటామె ఒకసారి చిల్లుపడ్డ బిందె తీసి అదే జాగాలో కొత్త బిందె పెట్టబోతే, నేనే దాన్ని తీసుకుపోయి చివర పెట్టాను. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. నేను కూడా ఎవరినీ మరిచిపోనివ్వలేదు.

ఆ రూలునే బడికి తెచ్చాను. జట్టులో చేరాలనుకున్న పిల్లలు తలా ఒక వస్తువు తెచ్చి, బడి వెనుక అరుగు మీద వచ్చిన వరుసలో పెట్టాలి. ఎవరి వస్తువు ఏదో నాకు కంఠతా వచ్చు. అందరికన్నా ముందు వచ్చింది తండా పిల్ల. చేలగట్ల మీద నడిచి, గంట కొట్టకముందే బడికి చేరేది. ఇంట్లో వాళ్ల భాష మాట్లాడేది, మాతో మాత్రం మా కన్నా గడుసుగా మాట్లాడేది. విత్తనానికని వాళ్ల దూలానికి కట్టిన ఎండు మక్కకంకుల్లోంచి ఒకటి లాక్కొచ్చి మొదట పెట్టింది. రెండోది పటేలింటి పిల్లది, ఇత్తడి చెంబు. తరువాత ఒక విరిగిన పలక, ఒక రిబ్బను, కొబ్బరి చిప్ప, ఇంకా ఏవేవో.

తండా పిల్లకు ఆ జాగా ఎందుకు కావాలో మొదటి రోజే చెప్పింది.

"ఆయమ్మా, మా బాపు మానుకోట దిక్కు మిరప ఏరబోతుండు. జట్టుల తీసుకుంటే నన్ను మా అవ్వ కాడ ఇడిసిపెడతనన్నడు. తీసుకోకపోతే వచ్చే అంగడినాడు నేను గూడ బండెక్కుడే."

మానుకోట అంటే మహబూబాబాదు, అంగడినాడంటే వారపు సంత రోజు. మిరప తోటకు పోయిన పిల్లలు ఎండలు ముదిరాక తిరిగి వస్తారు. అప్పటికి బడి వాళ్లను మరిచిపోతుంది, వాళ్లు బడిని మరిచిపోతారు. అందుకే రోజూ పొద్దున రాగానే నన్ను అడిగేది.

"ఇయ్యాల ఎవలకన్న జరం వచ్చిందా?"

"ఏం మాటలే అవి! గట్ల కోరుకుంటరా?"

"పెద్ద జరం వద్దు తియ్యి. చిన్నదే."

ఒకరోజు మధ్యాహ్నం అరుగు మీద చూస్తే కంకి లేదు. చెంబు మొదట ఉంది. పిల్లలందరినీ పిలిచాను. తాము తీయలేదని అందరూ ఒట్లు పెట్టారు. తండా పిల్ల మొహం చిన్నబోయింది. అప్పుడు ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ నాకు కొలువు కొత్త, రూలు నాది. అరుగెక్కి తీర్పు చెప్పడం మొదలుపెట్టాను.

"బిందె లేకుంటే జాగా లేదు. దొంగ తీసుకపోనీ, గాలికి కొట్టుకపోనీ, నాకు సంబంధం లేదు. ఎవల వస్తువును వాళ్లే కాపాడుకోవాలె. రూలంటే రూలు!"

పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. నా మాట తీరు నచ్చి నవ్వుతున్నారనుకుని గొంతు ఇంకా పెంచాను. వాళ్లు కడుపులు పట్టుకున్నారు. చివరకు ఒక పిల్ల నా వెనక్కి వేలు చూపింది. తిరిగి చూస్తే మా మేక. ఇంటి దగ్గర కట్టేస్తే గొంతు చించుకుంటుందని నేనే రోజూ బడికి తోలుకొచ్చి వెనక చెట్టుకు కట్టేదాన్ని. తాడు తెంపుకుని వచ్చి, నా తీర్పు వింటున్నట్టు నా వెనుకే నిలబడి ఉంది. నోట్లోంచి కంకి పొట్టు వేలాడుతోంది. గడ్డానికి కంకి పీచు.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అరుగు దిగబుద్ధి కాలేదు.

"మేక తిన్నా, మనిషి తిన్నా, జాగా ఖాళీనే గదా" అన్నాను, ఈసారి కొంచెం చిన్నగా.

తండా పిల్ల గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. అది పోయింది తాడు కోసం. తెగిన తాడును ముడేసి, మేక మెడ పట్టుకుని లాక్కొచ్చి, అరుగు కొసన చెంబుకు ముందు ఉన్న గుంజకు కట్టేసింది.

"ఏంది బిడ్డా గిది?"

"నా నంబరు."

"మేక నీ నంబరెట్లయితదే?"

"నా కంకి దాని కడుపుల ఉన్నది. బయటికి పోలే. వస్తువు ఉన్నకాడ నా జాగా ఉన్నదని నువ్వే గదా అన్నవ్."

ఈ సంగతి ఊళ్లోకి పాకడానికి ఎంతో సేపు పట్టలేదు. పటేలింటామె స్వయంగా వచ్చింది.

"ఏమే, మా ఇత్తడి చెంబును మేక ఎనుక పెడుతవా?"

"దాని కడుపుల కంకి ఉన్నదమ్మా."

"అయితే ఇంకో కంకి తెచ్చి పెట్టుమను. మేకనెందుకు కట్టుడు?" అని, నేను నోరు తెరిచేలోగా తానే అందుకుంది. "ఆఁ, కొత్త బిందె చివరకు పోవాలె గదా! నాకు యాదికున్నది. బడి నడిచేటప్పుడు మేక గీ జాగా ఇడిసిన నాడు మా చెంబే మొదటిది. నీ రూలే."

పీటీ సారు వైపు చూశాను. ఆయన నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. "నువ్వే ఫైసలా చెయ్యాలె అక్కా" అన్నాడు. మేక మొదటి నంబరే అని చెప్పేశాను. చెప్పాక గానీ తెలియలేదు, ఆ మేకను కాపాడే పని నాదేనని.

మేకకు వరుసలో నిలబడే బుద్ధి ఉండదు. మొదటి సాయంత్రమే మూడో నంబరు దాటి నాలుగో నంబరు రిబ్బను నమలబోయింది. అప్పటినుంచి జట్టు ఆడినంత సేపూ తాడు పట్టుకుని నేనే అరుగు పక్కన నిలబడేదాన్ని. సందు దొరికితే చాలని పటేలింటి జీతగాడు గోడ మీదుగా తొంగి చూసేవాడు. నీళ్లకు పోతూ ఆడవాళ్లు ఆగేవాళ్లు.

"ఏందే, నువ్వు గూడ ఖోఖో ఆడుతున్నవా?"

"మేకను పంపిస్తున్న. కప్పు తెస్తది" అనేదాన్ని. పళ్లు నూరుకుంటూనే.

ఇంతలో మా ఆయన వచ్చి ఇంకో ముడి వేశాడు. ఆ మేకను ఆయన భూపాలపల్లి అవతల అడవిలో జరిగే జాతరలో అమ్మవార్లకు మొక్కుకున్నాడు. బేరం కుదిరిన బండి వెళ్తోందని, పొద్దున్నే మేకను ఇమ్మన్నాడు.

"ఇయ్య."

"మొక్కుకున్న మేకే గది!"

"ఇప్పుడది మేక కాదు. నంబరు."

"నీకు పిచ్చి లేసిందా? అమ్మలకేం చెప్పాలె?"

"వాళ్లు గూడ ఆడోళ్లే గదా, అర్థమైతది. మేకకు బదులు నిలువెత్తు బెల్లం ఇయ్యి."

"ఎవల నిలువు? నాదా, మేకదా?"

"మేకదే. నీ అంత బెల్లం ఎక్కడ తెస్తం?"

ఆయన ఆ రాత్రి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కానీ పొద్దున బండెక్కేటప్పుడు సంచిలో బెల్లం ముద్ద కనిపించింది. మేక పొడుగు లేదు. దూడ పొడుగు కూడా లేదు.

అంగడి రోజు దగ్గరికి వస్తోంది. తండా పిల్ల ఇప్పుడు ఎవరికి జ్వరం వచ్చిందని అడగడం మానేసింది. మేకకు గుప్పెడు ఆకు తెచ్చి పెట్టి, దాని మెడ నిమిరి తరగతికి పోయేది. ఆ పిల్ల అడిగినప్పటికన్నా అడగనప్పుడే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. పన్నెండుమంది పిల్లల్నీ నేనే ఒక్కొక్కరిగా చూసేదాన్ని, ఎవరైనా కొంచెం దగ్గుతారేమోనని. మరీ దిగజారిపోయాను.

అంగడి రేపనగా జట్టులో పిల్ల ఒకతి రాలేదు. అమ్మవారు పోసిందని, ఇంటికి వేపమండ కట్టారని కబురు వచ్చింది. సారు అరుగు దగ్గరికి వచ్చి, చెంబు వంతు ఎప్పుడొస్తుందా అని వచ్చి నిలబడ్డ పటేలింటామె వినేలా గట్టిగా అడిగాడు.

"అక్కా, ఒకటో నంబరెవరు?"

నేను తాడు ఎత్తి చూపించాను. తండా పిల్ల ఆ తాడు నా చేతిలోంచి లాక్కుని గుంజకు కట్టేసి మైదానంలోకి పరుగెత్తింది. ఆ సాయంత్రమే వాళ్ల బాపు వచ్చాడు. సారుతో కాదు, నాతో మాట్లాడాడు.

"తీసుకున్నరా?"

"తీసుకున్నరన్నా."

"మంచిగ ఆడుతదా?"

"నాకేం ఎరుక? నేను మేకనే సూసిన గాని ఆట సూడలే."

ఆయన నవ్వాడు. మర్నాడు మిరప బండిలో పిల్ల లేకుండానే పోయాడు.

జనగామకు పిల్లల వెంట ఆడమనిషి ఉండాలని నన్నూ బస్సెక్కించారు. అక్కడ బల్ల దగ్గర కూర్చున్నాయన పేర్లు రాసుకుని, నన్ను సంతకం పెట్టమన్నాడు. వేలు ముందుకు చాపాను. పక్కనే నిలబడ్డ తండా పిల్ల నా బొటనవేలి సిరా చూసి, "గిన్ని రూల్లు పెట్టినవ్ గాని పేరు రాయరాదా ఆయమ్మా?" అంది. "వస్తే నాకు గీ కొలువు ఎవలిస్తురు?" అన్నాను. అది కిసుక్కుమంది. నేను ఆ వేలిని చీరకు తుడుచుకున్నాను. ఆ మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

మొదటి ఆటలో తండా పిల్లను పక్కనే కూర్చోబెట్టారు. రెండో ఆటలో ఒక పిల్లకు మడమ బెణికితే లోపలికి పిలిచారు. ఖోఖోలో పిల్లలు వరుసగా ఒకరు ఇటు, ఒకరు అటు మొహం పెట్టి కూర్చుంటారు. వీపు మీద తట్టి "ఖో" అనేదాకా లేవకూడదు. ఆట నేను సరిగ్గా చూడడం అదే మొదటిసారి. ఇంత దూరం వచ్చింది ఇంకో వరుసలో కూర్చోవడానికా అనిపించింది. ఎవరైనా దాన్ని తట్టాలి, తట్టాలి అని నేను గట్టు మీద లేచి నిలబడ్డాను. వెనకవాళ్లు కూర్చోమని అరుస్తున్నారు.

తట్టారు. అది లేచి పరుగెత్తింది. తాడేమీ లేకపోయినా నా కుడిచెయ్యి మాత్రం, మేక ఉరికినప్పుడల్లా లాగినట్టే, గట్టిగా వెనక్కి లాగింది. పక్కనున్న సారు అంగీ నా పిడికిట్లో ఉంది.

"అక్కా, ఇడువు" అన్నాడు ఆయన. "ఆడనియ్యి దాన్ని."