క్లౌన్ చేపలతో బెంగుళూరుకి

మా అక్క సలోమి తాడేపల్లిగూడెంలో ఇంటి వెనక షెడ్డులో క్లౌన్ చేపలు పెంచుతుంది. నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలుండే సముద్రపు చేపలవి. మా వైపు, కొల్లేరు దాకా, ఎక్కువగా మంచినీటి చెరువులే. అందుకని సముద్రపు నీళ్ళు పేరుపాలెం నుంచి డ్రమ్ముల్లో తెప్పించుకుంటుంది. ఇన్నాళ్ళూ ఇళ్ళలో అక్వేరియం పెట్టుకునేవాళ్ళకే అమ్మేది. మొదటిసారి బెంగుళూరులోని ఒక పబ్లిక్ అక్వేరియం వాళ్ళు అడిగారు. బతికి చేరినవే తీసుకుంటామన్నారు. అక్క ఎప్పుడూ విమానం ఎక్కలేదు. నేను ఏలూరులో సైన్సు టీచర్ని. సెలవులు కావడంతో తోడు బయలుదేరాను.

ముందురోజు సాయంత్రం ఏలూరులో పాసింజరెక్కి గూడెంలో దిగాను. చేపలకి మేత ఆపేసి అప్పటికే ఒక రోజైంది.

"కడుపు నిండా ఉంటే సంచిలో నీళ్ళు పాడుచేసుకుంటాయే. ఆ నీళ్ళే వాటికి విషం," అంది అక్క.

తెల్లవారి ఐదింటికి ప్యాకింగ్ మొదలుపెట్టాం. చేపకో పాలిథీన్ సంచి, దానికి పైన ఇంకోటి. మూడో వంతు నీళ్ళు, మిగతాదంతా సిలిండరు నుంచి ఆక్సిజన్. చీకట్లో ఉంటే బెదరవని సంచులకి న్యూస్‌పేపరు చుట్టి, మూడు థర్మోకోల్ పెట్టెల్లో సర్దాం.

ఏడింటికి వ్యాను కదిలింది. డ్రైవరు సుబ్బారావుగారు అక్కా వాళ్ళ వీధిలోనే ఉంటారు. హనుమాన్ జంక్షన్‌లో ఆయనా నేనూ ఇడ్లీ తిన్నాం. అక్క వ్యాను దిగలేదు. గన్నవరం విమానాశ్రయంలో కార్గో షెడ్డుకి చేరేసరికి పదయింది.

తూకం దగ్గర ఆఫీసరమ్మాయి ఒక పెట్టె అడుగుని తడిమి చూసింది. "తడిగా ఉందండీ. నీళ్ళు కారే పెట్టెని ఎక్కించడం కుదరదండీ," అంది మెల్లగా.

వ్యాను దగ్గరికి తెచ్చి విప్పి చూస్తే, నాలుగు సంచులు అతుకు దగ్గర కారుతున్నాయి.

"మిగతావి బాగానే ఉన్నాయి కదక్కా, మళ్ళీ సర్దేద్దాం," అన్నాను.

అక్క ఇంకో సంచి అతుకుని వేలితో నొక్కి చూసింది. "ఈ పెట్టెకి వాడినవన్నీ ఒకే కట్టలో సంచులే. పైన గాల్లో ఉండగా విడిపోతే నేనేం చెయ్యగలను?" అని, అక్వేరియం క్యూరేటరుకి ఫోను చేసింది. "రెండు పెట్టెలే తెస్తున్నానండి. మూడోదాని మీద నాకు నమ్మకం లేదు. వద్దంటే అన్నీ వెనక్కి తీసుకెళ్ళిపోతాను."

ఆయన ఉన్నవే తీసుకురమ్మన్నారు. మూడో పెట్టెలో చేపల్ని, వ్యానులో తెచ్చుకున్న సముద్రపు నీళ్ళ డ్రమ్ములోకి వదిలి బ్యాటరీ పంపు పెట్టాం.

"కంగారుపడకండమ్మా, నెమ్మదిగా తీసుకెళ్తానండి," అని సుబ్బారావుగారు వెనక్కి తిరిగారు.

విమానం లేచాక కిటికీలోంచి చేపల చెరువులు మెరుస్తూ కనిపించాయి. అక్క చూడలేదు. "కింద కార్గోలో వాటికి చలేస్తుందేమోనే," అంది.

సాయంత్రానికి అక్వేరియంలో ఉన్నాం. మేం వచ్చేసరికే తొట్టి ఉన్న గదిలో క్యూరేటరు లైట్లు తగ్గించి ఉంచారు. కొత్త నీళ్ళకి మెల్లగా అలవాటుపడాలని, ముందు సంచుల్ని తొట్టిలో తేలేలా వేసి, ఆ తర్వాత చేపల్ని బేసిన్లలోకి మార్చి, తొట్టి నీళ్ళు సన్నటి పైపుతో చుక్కచుక్కగా వాటిలోకి వదిలారు. ఒక చేప లేవలేదు. దాన్ని అక్కే తీసి, అరచేతిలో కాసేపు ఉంచుకుని, పక్కన పెట్టింది. మిగతావన్నీ మెల్లగా ఈదాయి.

ఆ రాత్రి దగ్గర్లోనే లాడ్జిలో ఉన్నాం. డ్రమ్ములోవి క్షేమంగా ఇల్లు చేరాయని సుబ్బారావుగారి ఫోను వచ్చింది. పొద్దున్నే మళ్ళీ వెళ్ళి, చేపలు మేత అందుకోవడం చూసి స్టేషనుకి వచ్చాం. ఈ పని మీద బయలుదేరేవాళ్ళెవరైనా సంచుల్ని ముందురోజే నీళ్ళు పోసి పరీక్షించుకోండి. మేం చెయ్యలేదు.

కాకినాడ రైల్లో కూర్చున్నాక ఆలోచించాను. ఐసులో పెట్టిన చేపల లారీలు రోజూ చూసే ఊళ్ళవాళ్ళం మేము. చేప బతికుండాలని దాని వెంట ఇంత దూరం వెళ్ళడం నాకిదే మొదలు.

ఎదురు సీట్లో ఉన్నావిడది అత్తిలి. "పిల్లల్ని హాస్టల్లో దింపి వస్తున్నారాండీ?" అని అక్కని అడిగింది.

అక్క నా వంక చూసింది. "అవునండి. నిన్ననే దింపాం."

"తిండి బాగుంటుందాండీ అక్కడ?"

"బాగానే తింటున్నారండి. పొద్దున్నే చూసి వచ్చాను," అంది అక్క.