శివరాత్రి సాక్ష్యం

నా చిన్నప్పుడు నేను ఎవరినీ ఓ పట్టాన నమ్మేదాన్ని కాదు. అది గొప్పగా చెప్పుకునే గుణం కాదని ఇప్పుడు తెలుసు గాని, తొమ్మిదేళ్ళ వయసులో మాత్రం నాకున్న తెలివంతా అదే అనుకునేదాన్ని. పాలు పోసే ఆవిడ వస్తే ఆమె చెంబు అడుగున నీళ్ళున్నాయేమోనని తొంగి చూసేదాన్ని. పోపుల పెట్టె మూత కాస్త పక్కకి జరిగి కనిపిస్తే ఎవరు తీశారో తేలేదాకా నాకు అన్నం సహించేది కాదు. మా తాతయ్య నవ్వి, ఈ పిల్లని కోర్టు కచేరీలో కూర్చోబెడితే దొంగలంతా ఊరు వదిలి పోతారు అనేవారు. అది మెప్పే అనుకుని పొంగిపోయేదాన్ని.

మాది రామచంద్రపురానికి దగ్గర్లో, కాలవ గట్టున ఉన్న చిన్న ఊరు. అమ్మ నా పసితనంలోనే పోవడంతో అమ్మమ్మా తాతయ్యల దగ్గర పెరిగాను. ఊళ్ళో శివాలయం బాగోగులు తాతయ్య చూసేవారు. ఆడపిల్లకి చదువేమిటని చుట్టుపక్కల గొణుక్కునే రోజులవి. అయినా ఆయన పట్టించుకోకుండా రాజమహేంద్రవరం వెళ్ళినప్పుడు నాకో అచ్చు పుస్తకం తెచ్చారు. మొదట ఇసకలో వేలితో దిద్దించి, ఆ తరవాత ఆ పుస్తకం చేతికిచ్చారు. అంత అపురూపమైన వస్తువు నాకు మరొకటి లేదు.

ఆ ఏడు మాఘమాసంలో నా పుస్తకంలోంచి కాగితాలు మాయం కావడం మొదలైంది. కుట్టు వదులై ఊడిపోయిన కాగితాలు కొన్ని ఉండేవి. వాటిని అట్టలో జాగ్రత్తగా పెట్టుకునేదాన్ని. ఒకరోజు చూస్తే గుణింతాల కాగితం లేదు. నాలుగు రోజులకి ఇంకొకటి లేదు. ఎలుకలు కొట్టుకుపోయి ఉంటాయంది అమ్మమ్మ. ఎలుక ఒక్కో కాగితమే ఏరుకుని, అదీ చింపకుండా తీసుకుపోతుందా? నాకు పక్కింటి అక్క మీద అనుమానం పడింది.

అక్క పదకొండో ఏటనే భర్తను పోగొట్టుకుని, అన్నగారింట్లో ఉండేది. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళో పందొమ్మిదేళ్ళో. తల మీది ముసుగు ఎప్పుడూ జారనిచ్చేది కాదు. వాళ్ళింటి చాకిరీ అయ్యాక, మా పెరటి అరుగు మీద కూర్చుని మోదుగాకులతో విస్తళ్ళు కుట్టేది. వాళ్ళ వదిన నోటికి కాస్త దూరంగా ఉండొచ్చని అలా వచ్చేదని అమ్మమ్మ అనేది. సరిగ్గా నేను వసారాలో పాఠం చదివే వేళకే వచ్చేది. నేను చదవడం ఆపితే ఆమె చేతిలో పుల్ల కూడా ఆగేది. అది గమనించాను. గమనించి, ఏమీ ఎరగనట్టు ఉండిపోయాను. దొంగని సొమ్ముతో సహా పట్టుకోవాలని నా పట్టుదల.

శివరాత్రి వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించేవారు కాదు. చీకటితోనే కాలవలో తలస్నానం చేసి, తడిబట్టలతో గుడికెళ్ళి, మారేడు దళాలు శుభ్రం చేసి బుట్టలకెత్తడం ఆడవాళ్ళ పని. నాలుగు జాములకీ నాలుగు అభిషేకాలు. పాలతో ఒకటి, పెరుగుతో ఒకటి, నేతితో ఒకటి, తేనెతో ఒకటి. రాత్రంతా కళ్ళు మూయకూడదు. పిల్లలు ఉపవాసం ఉండక్కర్లేదని తాతయ్య చెప్పినా, నేను ఉపవాసమూ ఉంటాను, జాగరమూ చేస్తానని మొండికేశాను. అమ్మమ్మ నా భక్తి చూసి మురిసిపోయి మెటికలు విరిచింది. అసలు సంగతి ఏమిటంటే అక్క కూడా జాగరానికి వస్తోంది. తెల్లవార్లూ ఆమెని కనిపెట్టి చూసే అవకాశం నాకు మళ్ళీ దొరకదు.

మొదటి జాములో మండపం నిండా జనం. ఆముదపు దీపాలు వరసగా వెలుగుతున్నాయి. అక్క ఒక స్తంభం వెనకగా కూర్చుంది. నేను అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నట్టే పెట్టుకుని, ఆమె వైపే చూస్తున్నాను. పాల అభిషేకం జరుగుతుంటే అందరూ లేచి గర్భగుడి వైపు తిరిగారు. అప్పుడు అక్క స్తంభం వైపు తిరిగి, నడుము దగ్గర చీర మడతలోకి ఏదో దోపుకుంది. తెల్లటి అంచు ఒకటి దీపం వెలుగులో మెరిసినట్టయింది. కాగితం అంచే. దొరికింది అనుకున్నాను.

రెండో జాము మొదలయ్యే ముందు తాతయ్య ఆ రాత్రి విశేషం చెప్పారు. నేనే గొప్పంటే నేనే గొప్పని బ్రహ్మా విష్ణువూ వాదులాడుకుంటుంటే, వాళ్ళిద్దరి మధ్యా ఆద్యంతాలు లేని వెలుగు స్తంభంగా శివుడు లేచి నిలబడ్డ రాత్రి ఇది. అడుగు చూస్తానని విష్ణువు వరాహమై కిందికి పోయాడు. కొస చూస్తానని బ్రహ్మ హంసై పైకి పోయాడు. విష్ణువు తిరిగొచ్చి, నాకు అందలేదని ఒప్పుకున్నాడు. బ్రహ్మ మాత్రం దారిలో రాలిపడుతున్న మొగలిపువ్వుని బతిమాలి సాక్ష్యానికి తెచ్చుకుని, కొస చూశానని అబద్ధమాడాడు. అందుకే ఆయనకి గుళ్ళు లేవు, మొగలిపువ్వు శివపూజకి పనికిరాదు. ఇదీ కథ. అంత మంచి వాసన గల పువ్వుకి అంత చిన్న తప్పుకి అంత పెద్ద శిక్షా అని నేను మనసులోనే శివుణ్ణి కూడా అనుమానించాను.

ఆ తరవాత ఏం జరిగిందో నాకు తెలియదు. పొద్దుటి నుంచి తిండి లేదు. అమ్మమ్మ ఒడి వెచ్చగా ఉంది. కళ్ళు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు.

పెద్దగా మాటలు వినిపించి ఉలిక్కిపడి లేచాను. లింగోద్భవ వేళ అభిషేకం అయిపోయిందట. స్వామికి అలంకారం చేద్దామని చూస్తే లింగం మీద ఉండే వెండి నాగపడగ లేదట. అభిషేకానికి ముందు పూజారిగారు తీసి గడప పక్కన పెట్టారు, ఇప్పుడు అక్కడ లేదు. ఆయన పెద్దవాడు, చూపు ఆనదు. పీటలన్నీ తడుముతున్నారు. మగవాళ్ళంతా పురాణం వింటూ బయటి పందిట్లో ఉన్నారు. లోపల ఉన్నది ఆడవాళ్ళే.

"మేలుకుని ఉన్నవాళ్ళెవరైనా చూశారా? గడప దగ్గరికి ఎవరెళ్ళారు?" అని ఎవరో అడిగారు.

అప్పుడు అక్క వాళ్ళ వదిన నా వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వు రాత్రంతా కన్ను మూయనన్నావుగా, నువ్వేమైనా చూశావుటే?" అంది.

నిద్రపోయానని చెప్పడానికి నోరు రాలేదు. అంత గొప్పలు పోయి, అంత ఉపవాసం ఉండి, అందరి ముందూ పడుకున్నానని ఎలా చెప్పను? పైగా నాకు తెలిసిన దొంగ ఒకతె ఉంది.

"చూశాను. అక్క గడప దగ్గరికి వెళ్ళింది. వచ్చి నడుముకి ఏదో దోపుకుంది," అన్నాను.

అక్క లేచి నిలబడింది. రెండు చేతులూ నడుము మీద వేసుకుని గట్టిగా అదుముకుంది. ఆ చేతులే ఆమెని పట్టిచ్చాయి. "ఏంటే అది? తియ్యి, చూపించు!" అంటూ వదిన చెయ్యి పట్టుకు లాగింది. అక్క ఇవ్వలేదు. తల అడ్డంగా ఊపుతూ స్తంభానికి ఆనుకుపోయింది. ముసుగు జారింది. అంతకుముందు నేనెన్నడూ చూడని ఆమె బోడితల దీపాల వెలుగులో అందరికీ కనిపించింది. "దేవుడి సొమ్ము! ఇక నా గడప తొక్కావంటే చూడు, కాలవలో దూకు పో!" అని వదిన అరుస్తోంది.

ఆ అరుపులకి తాతయ్య లోపలికొచ్చారు. సంగతంతా నిలబడే విన్నారు. ముందు వదిన చేతిని మెల్లగా విడిపించారు. "ఉండమ్మా, సాక్షిని నేను కూడా అడగాలి కదా," అని నా ఎదురుగా కింద కూర్చున్నారు.

"రాత్రంతా మేలుకునే ఉన్నావా తల్లీ?"

"ఉన్నాను తాతయ్యా."

"పాపం, మధ్యలో ఆ గంట తాడు తెగి గంట ఢామ్మని కింద పడ్డప్పుడు భయపడ్డావా?"

ఆయన గొంతులో ఎంత జాలి ఉందో నాకిప్పటికీ గుర్తే. ఆ జాలికే పడిపోయాను. "పడ్డాను. ఉలిక్కిపడి అమ్మమ్మని పట్టుకున్నాను," అన్నాను.

అందరూ నా తల మీదుగా పైకి చూస్తున్నారు. నేనూ తలెత్తి చూశాను. గంట ఎప్పటిలాగే దూలానికి వేలాడుతోంది. తాడు చెక్కుచెదరలేదు.

అంతసేపూ నాకు గుర్తురాని మొగలిపువ్వు అప్పుడు గుర్తొచ్చింది. దాని తప్పు ఎంతటిదో, స్తంభానికి ఆనుకుని వణుకుతున్న అక్కని చూస్తే తెలిసింది. నేను నిద్రపోయానని ఏడుస్తూ ఒప్పుకున్నాను. అక్క గడప దగ్గరికి వెళ్ళడం చూడలేదని కూడా చెప్పాను. తాతయ్య నన్ను కోప్పడలేదు. తలమీద చెయ్యి వేసి, లేచి, పూజారిగారి భార్యతో, "అమ్మా, మారేడు దళాలు తీసిన బుట్ట ఒకసారి కింద గుమ్మరించండి," అన్నారు. అభిషేకం తరవాత తీసేసిన దళాలూ పూలూ పొద్దున్నే కాలవలో కలపడానికి ఒక పెద్ద బుట్టలో వేసి ఉంచేవారు. ఆవిడ బుట్ట వంచింది. తడిసిన ఆకుల ముద్దలోంచి వెండి పడగ జారి రాతినేల మీద ఖంగుమంది. పూజారిగారే చూపు ఆనక, దండలతో పాటు ఎత్తి అందులో వేసేశారు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వదిన మాత్రం ఊరుకోలేదు. "అది సరేనండీ, మరి దీని నడుముకి ఉన్నదేంటి? ఏమీ లేకపోతే ఎందుకు దాస్తుంది?" అంది.

"పోయిన వస్తువు దొరికిందమ్మా. ఇక మనం వెతకాల్సింది ఏమీ లేదు," అన్నారు తాతయ్య. అయినా ఆవిడ నా వైపు చూసింది. నన్నే చెప్పమంటోందని ఆ చూపులో తెలిసింది. అక్కా నా వైపే చూస్తోంది. ఆ నడుముకి ఉన్నది నా కాగితాలేనని నాకు తెలుసు. అక్షరాలు నేర్చుకుంటోందని తెలిస్తే ఆ ఇంట్లో ఆమె బతుకేమవుతుందో కూడా, ఆ క్షణాన, ఎలాగో తెలిసింది. తలొంచుకుని కూర్చున్నాను. తేనె అభిషేకం అయి, తెల్లారేదాకా నా కళ్ళు మళ్ళీ మూతపడలేదు.

తరవాత మూడు రోజులు అక్క మా పెరట్లోకి రాలేదు. నాలుగో రోజు వచ్చింది. మణికట్టు దగ్గర నల్లగా కమిలి ఉంది. విస్తరి మడతలోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టింది. చెమటకి తడిసి మెత్తబడి, అంచులు నలిగిపోయి ఉన్నాయి.

"నీకు తెలుసు కదా. ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అంది.

"చూడలేదు కదక్కా. అనుకున్నానంతే," అన్నాను.

నేను కాగితాలు తిరిగి ఆమె వైపు జరిపాను. అప్పుడు గుణింతాల మీద వేలు పెట్టి, "ఇదెలా పలకాలి? నీ గొంతు సరిగ్గా వినపడలేదు," అంది. నేను పలికాను. ఆ తరవాత నా పాఠాలు కాస్త పెద్దగా చదివేదాన్ని. లోపల ఎక్కడో కూర్చున్న తాతయ్య, ఇంకా గట్టిగా చదువమ్మా, నాకు వినపడటం లేదు అనేవారు. ఆయనకి చెముడు లేదు.

రెండేళ్ళకి ఆమె అన్నగారికి కాకినాడలో గుమాస్తా పని దొరికింది. సామానుతో పాటు అక్క కూడా కాలవలో పడవెక్కి వెళ్ళిపోయింది. తరవాత ఆమెని నేను చూడలేదు. ఒక్కసారి మాత్రం తాతయ్య పేరిట ఒక కార్డు వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు, వరసలు కిందికి జారిపోతున్నాయి. అందరం క్షేమమని రాసి, కింద విడిగా, ఇది నేనే రాశాను అని ఉంది. తాతయ్య ఆ కార్డు నా చేత రెండుసార్లు చదివించుకున్నారు.

నా అనుమానం నిజమే, నా సాక్ష్యమే అబద్ధం. ఈ రెండింటినీ విడదీసి చూసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అనుమానించే గుణం పూర్తిగా పోలేదు. ఇంట్లో ఏదైనా కనిపించకపోతే ముందు నా కళ్ళు మనుషుల వైపే పోతాయి. కాని నోరు తెరిచే ముందు, చూశానా, అనుకున్నానా అని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు అనుకున్నానంతే అని తేలుతుంది. అప్పుడు ఊరుకుంటాను.

ఇప్పుడు శివరాత్రికి మా మనవలూ మనవరాళ్ళూ జాగరం చేస్తామని నా చుట్టూ చేరతారు. ఎవరు ఎక్కువసేపు మేలుకుంటారో పందేలు వేసుకుంటారు. వాళ్ళకి శివుడి కథ చెబుతాను, మారేడు దళాలు చేతికిస్తాను. కళ్ళు మూతలు పడటం చూసి దుప్పట్లు తెచ్చి పక్కన పెడతాను. నిద్రొస్తే పడుకోండర్రా, స్వామి ఏమీ అనుకోడు అంటాను. పొద్దున లేచి, పడుకున్నామని చెప్పండి, చాలు.