పేరు రాయని ప్లేటు

పొద్దున్నే ఫోన్ మోగితే నాకు చేతులు చల్లబడతాయి. గ్యాస్ కట్టేశానో లేదోనని బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని నేను. ఇన్నేళ్ళలో చాలా భయాలు ఉత్తుత్తివే అయ్యాయి గానీ, మొన్న మోగిన ఫోన్ మాత్రం నిజంగానే చెడ్డ కబురు. మా మైక్రోబయాలజీ మేడమ్ పోయారు. గుంటూరులో తన ఇంట్లోనే, నిద్రలోనే వెళ్ళిపోయారని ఆవిడ కోడలు చెప్పింది. ఎనభై దాటిన మనిషి, ఎవరితోనూ చేయించుకోకుండా పోయారని అందరూ అన్నారు. నిజమే. అయినా ఆ పూటంతా నాకు ఏ పనీ చేతకాలేదు.

పంతొమ్మిది వందల ఎనభైల్లో ఆవిడ దగ్గర డిగ్రీ మొదటి సంవత్సరం చదివాను. మాది గుంటూరుకి గంట ప్రయాణం. అమ్మానాన్నా కూలికెళ్ళేవాళ్ళు. మా పేటలో కాలేజీకి వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. ఏది ముట్టుకుంటే ఏది పగులుతుందోనని ల్యాబ్‌లో బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని.

మేడమ్‌ది పెద్ద గొంతు. మొదటి ల్యాబ్ రోజున టెస్ట్‌ట్యూబులకు దూది బిరడాలు చెయ్యాలన్నారు. "మందుల షాపు దూది తేకండి, అది తడి పీలుస్తుంది. చేలో పత్తే కావాలి. గుంటూరు జిల్లాలో పుట్టి దూది కొనుక్కుంటామంటే నేనొప్పుకోను" అన్నారు. మర్నాడు గింజ తీసిన పత్తి ఒక మూట పట్టుకెళ్ళాను. మా ఇంట్లో ఉన్న వస్తువు కాలేజీకి పనికిరావడం అదే మొదలు.

క్రిముల్ని పెంచడానికి మాకు గాజు ప్లేట్లు ఇచ్చేవారు. లోపల జున్నులా గడ్డకట్టిన మేత ఉండేది. ప్లేటు అడుగున ఎవరిదో, ఏమిటో గాజు మీద రాసే పెన్సిల్‌తో రాసి తీరాలి. రాయకపోతే మేడమ్ దాన్ని పైకెత్తి, "ఇదెవరి పాపమో నాకేం తెలుసు?" అని అందరి ముందూ అడిగి, క్రిముల్ని చంపే పెద్ద కుక్కర్‌లో పడేసేవారు. మేము వణికితే ఇంకో మాట అనేవారు: "భయపడితే భయపడండి గానీ, చూసి భయపడండి."

మిరప కోతల రోజుల్లో అక్క పురిటికి వచ్చింది. పాప పుట్టింది. అమ్మ పొద్దంతా కాయలు కోసి వచ్చేది. ఎన్నిసార్లు కడిగినా చేతుల మంట పోదు, పసిబిడ్డను ముట్టుకోవాలంటే భయం. అక్కవి కాక ఇంట్లో కారం అంటని చేతులు నావే. అందుకని కాలేజీ నుంచి రాగానే పాప నా ఒళ్ళోకి వచ్చేసేది.

మూడో నెలలో పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకొచ్చాం. నేను చెయ్యి చాపితే అక్క బిడ్డను అటు తిప్పేసుకుంది.

"పురుగుల్ని పెంచే చేతుల్తో నా బిడ్డను ముట్టుకోకే" అంది.

అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ ఉంది. అక్క మాట కంటే అమ్మ ఊరుకోవడమే నన్ను ఎక్కువ చంపింది. పాపకేమైనా అయితే అది నా చేతుల వల్లే అనుకున్నాను. ఇంక చదువు వద్దు, పాప బతికితే చాలు.

అట్నుంచి అటే కాలేజీకి వెళ్ళి ల్యాబ్ గుమ్మం బయటే నిలబడ్డాను. మానేస్తున్నానని చెప్పాను. మేడమ్ అంతా విన్నారు.

"మీరు పెంచేది పెరుగులో ఉండేదీ, ఎండుగడ్డిలో ఉండేదీనే కదే. జబ్బు చేసేవి మీ చేతికి నేనెందుకిస్తాను?"

"వాటి పక్కన ఇంకోటేదైనా పెరిగితేనండీ?"

"బాగానే అడిగావు. లోపలికి రా" అన్నారు.

ఒక కొత్త ప్లేటు తీసి అడుగున మధ్యకు గీత గీశారు. ఇద్దరం సబ్బుతో చేతులు కడుక్కున్నాం. మూత తీసి ఒక సగంలో తన వేళ్ళు ఆనించారు, రెండో సగంలో నా వేళ్ళు ఆనించారు. నేను పేర్లు రాద్దామని పెన్సిల్ తీస్తే చేతిమీద ఒక్కటేశారు. "వద్దు" అన్నారు. నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రంతా వార్డు బయట, చేతులు ఓణీలో చుట్టుకుని కూర్చున్నాను. లోపల పాప ఏడుపు వినిపిస్తే ఒక భయం, వినిపించకపోతే ఇంకో భయం.

మర్నాడు ప్లేటు నా ముందు పెట్టారు. రెండు వైపులా తెల్లగా, పసుపుగా చుక్కలు మొలిచాయి. ఒకవైపు పలచగా, ఒకవైపు దట్టంగా.

"నీదేదో చెప్పు."

దట్టంగా ఉన్న వైపు వేలు పెట్టాను. "ఇదేనండి."

"ఎట్లా తెలుసు?"

"ఎక్కువున్నాయి కదండీ."

మేడమ్ కుర్చీలో కూలబడ్డారు. అంత పెద్ద గొంతూ తగ్గిపోయింది. "ఏది ఎవరిదో నాకూ తెలీదమ్మా. నేను ఆనవాలు పెట్టుకోలేదు. కడిగిన చేతుల మీద కూడా ఇవి ఉంటాయి, నా మీదా నీ మీదా. చెడ్డది కనబడగానే నాదేనని ఎందుకు ఒప్పేసుకున్నావు?"

నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం ఆవిడ నాతో ఆసుపత్రికి వచ్చారు. పాప కాస్త తేరుకుంది, గండం గడిచిందని డాక్టరు చెప్పారట. మేడమ్ అక్క పక్కన మంచం మీదే కూర్చుని, పాలసీసా ఏ నీళ్ళతో కడుగుతున్నావని అడిగారు. చెరువు నీళ్ళేనండి అంది అక్క.

"మరగబెట్టి కడుగు. అదే కారణమని నేనననమ్మా, ఇప్పుడు తెలుసుకోలేం. నీ చెల్లెలే కారణమని నువ్వూ అనకు."

అక్క తల దించుకుంది. మేడమ్ బిడ్డను అందుకుని నా వైపు తిరిగారు.

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నానండి."

"అయితే పట్టుకో."

భయపడుతూనే పట్టుకున్నాను. చదువు మానలేదు. నా బతుకంతా ఆ చదువు పెట్టిన అన్నమే.

మొన్న ఆఖరిచూపుకి నన్ను కారులో తీసుకెళ్ళింది ఆ పాపే. దానికిప్పుడు కాలేజీకి వెళ్ళే కూతురుంది. మేడమ్‌ను హాల్లో ఫ్రీజర్ బాక్సులో పడుకోబెట్టారు. వచ్చినవాళ్ళందరూ అద్దం మీద చెయ్యి వేసి ఏడుస్తున్నారు. ఎక్కడ చెయ్యి పెట్టాలన్నా వెనకాడే నేను, ఆవిడ చేతులున్న చోట నా నాలుగు వేళ్ళూ ఆనించాను. పక్కనే మా పాప కూడా ఆనించింది.

కోడలు గుడ్డ పట్టుకుని వచ్చింది, మరకలు తుడుద్దామని.

"కాసేపు ఉండనీ అమ్మా" అన్నాను.

అవతలి వైపుకి వెళ్ళి, వెలుతురికి వంగి చూశాను. అద్దం నిండా వేళ్ళ ముద్రలు. నావేవో వెతికాను. చెప్పలేకపోయాను.