దొరసాని చక్రం కింద నిమ్మకాయ

పోయిన ఆదివారం నేను ఒక నిమ్మకాయ చేతిలో ఓడిపోయాను. అదీ మా వీధి వీధంతా చూస్తుండగా! నవ్వండి, నవ్వండి. కాకపోతే టీ కప్పు కింద పెట్టి నవ్వండి, పొరబోతుంది. అసలు సంగతేమిటంటే ఆ రోజు నేను గెలిచాను కూడా. గెలుపు గురించి ఎవరూ అడగరు కాబట్టి ముందు అదే చెబుతాను.

నాకొక కారుంది. ఇంగ్లండులో పుట్టి, ఓడెక్కి వచ్చి, కేజీఎఫ్ గనుల్లో బంగారం తవ్వే కాలంలో ఎవరో పెద్ద ఆఫీసరును మోసిన కారు. డాష్‌బోర్డు అసలు సిసలు చెక్క. ముందు సీటు సోఫా మాదిరి ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. గడియారం కూడా ఉంది గానీ దానికి బుద్ధి పుట్టినప్పుడే తిరుగుతుంది.

గనులు మూతపడ్డాక ఆ కారు చేతులు మారీ మారీ బూదికోట దగ్గర ఒక మామిడితోటలో, రేకుల షెడ్డులో తేలింది. నేను చూడబోయిన రోజు వెనక సీట్లో ఒక కోడి గుడ్లు పొదుగుతూ కూర్చుంది. నన్ను చూసి కూడా లేవలేదు. ఆ ఠీవి చూసే కారు కొనాలని నిర్ణయించుకున్నాను.

తోట రైతు నా వెనక్కి తొంగి చూశాడు.

"బేరం మాట్లాడేదానికి ఎవురూ రాలేదామ్మా?"

"నేను వచ్చినాను కదప్పా."

"అది కాదమ్మా... మగోళ్ళు?"

"మగోళ్ళ చేతిలో ఉండే కదప్పా ఇది కోళ్ళగూడు అయింది!"

ఆయన పెద్దగా నవ్వి, "సరేమ్మా, బండి తీసుకోని పో. ఆ కోడిని మాత్రం ఇయ్యను" అన్నాడు.

రాబర్ట్‌సన్‌పేటలో సెల్వం అని ఒక మెకానిక్ ఉన్నాడు. పాత బండ్లంటే ప్రాణం, మాటలంటే అంతకంటే ప్రాణం. మొదట్లో నేను ప్రశ్న అడిగితే మా అన్న వైపు చూసి జవాబు చెప్పేవాడు. మా అన్న రిటైరైన గుమాస్తా. కార్బొరేటరుకూ కుక్కరుకూ తేడా తెలియదు, అయినా తలాడించేవాడు. దాంతో అన్నను ఇంట్లో వదిలేసి పోవడం మొదలుపెట్టాను. గోడకు చెప్పలేక సెల్వం ఇంక నాకే చెప్పాడు.

ఏడాదికి పైగా పట్టింది. నేను బండి కిందకు దూరాను. గ్రీజు పూసుకున్నాను. చెక్కకు పాలిష్ నా చేత్తో పట్టాను. సీట్ల తోలు, దాని దారం రంగుతో సహా నేనే ఎంచాను. వెండి రంగు బంపర్లో నా మొహం కనిపించిన రోజు, చెప్పొద్దూ, అందులోనే చూసుకుని జుట్టు సర్దుకున్నాను.

బండికి పేరు పెట్టింది మా మేనత్త రుక్కమ్మ. డెబ్బై దాటిన మనిషి, లెక్కల టీచరుగా రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు ఇప్పటికీ హోంవర్కు ఇచ్చి పంపుతుంది. మొదటిసారి సీట్లో కూర్చుని, కాళ్ళు చాపి, "దొరసానే ఇది" అంది. అంతే, పేరు ఖాయం.

"మొదట యాడికి పోదామత్తా?"

"ఆవనికి."

ఆవని కొండ కథ మా వైపు అందరికీ తెలుసు. ఆ కొండమీది తల్లిని, నిండు చూలాలిగా ఉన్నప్పుడు, మరిది రథమెక్కించి తెచ్చి ఈ అడవిలోనే దింపేసి పోయాడని చెప్పుకుంటారు.

"ఆ రథం తోలింది మగోడు కాబట్టి దింపేసి పోయినాడు" అంది అత్త. "ఆడది తోలుంటే ఆ పొద్దే వెనక్కి తిప్పేది. ఒక ఆడది బండి తోలుకోని వచ్చిందని ఆ యమ్మకి చెప్పి రావాల."

ఇంత గొప్ప కారణం నేను రాసిన ఏ వ్యాసంలోనూ లేదు.

వ్యాసాలంటే గుర్తొచ్చింది. ఇక్కడే ఉంది తంటా. నేను పత్రికల్లో రాస్తుంటాను. ఈ మధ్య రాసినవాటిలో రెండు బాగా పేలాయి. ఒకటి, ఆడవాళ్ళకు బండి నడపడం రాదనే వెటకారం మీద. రెండోది, కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే మూఢనమ్మకం మీద. మా అన్న నేను రాసే పత్రికలు ముట్టుకోడు. కానీ వాటిలో నేనేం రాశానో అక్షరం పొల్లుపోకుండా చెబుతాడు.

శనివారం సాయంత్రం సెల్వం మా వాకిట్లోనే ఆఖరి పని ముగించాడు. హ్యాండ్ బ్రేకు. దాని తీగ ఎక్కడా దొరక్క కొత్తగా చేయించాల్సి వచ్చింది. అప్పటిదాకా బండిని ఎక్కడ నిలిపినా చక్రానికి రాయి అడ్డం పెట్టేవాళ్ళం. ఈ హ్యాండ్ బ్రేకు మన కార్లలో మాదిరి సీట్ల మధ్యలో ఉండదు. డాష్‌బోర్డు కింద, మధ్యలో, గొడుగు పిడిలా వేలాడుతుంది. లాగితే పడుతుంది, తిప్పి వదిలితే విడుస్తుంది. నేను రెండు చేతులా లాగి, "తోసి చూడప్పా" అన్నాను. సెల్వం భుజం పెట్టి తోశాడు. వెనక్కి వచ్చి భుజం రుద్దుకున్నాడు. దొరసాని వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"బ్రేకు అంటే ఇది సెల్వం!" అన్నాను. మురిసిపోయాను. లోపలికి పోయి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం పొద్దున వీధంతా మా వాకిట్లోనే ఉంది. అన్న పళ్ళెంతో దిగాడు. కుంకుమ, కర్పూరం, నిమ్మకాయలు, ఒక బూడిద గుమ్మడికాయ.

"ఎత్తుకోని పో అన్నా."

"నిమ్మకాయలే కదమ్మా. నీ సిద్ధాంతాలేమీ నలిగిపోవులే."

"ఇది పెట్రోలుతో పోయే బండి, పులుసుతో కాదు."

సెల్వం చేతులు నలుపుకున్నాడు. "మేడం, నా తృప్తికి ఒకటి..."

"నీ తృప్తికి టీ ఇస్తాను, తాగు."

నేను స్టీరింగు ముందు, అత్త నా పక్కన. ఒడిలో దారిలో తినేదానికి కట్టిన బుత్తి సంచి, చేతిలో నీళ్ళ బాటిలు. సెల్ఫ్ కొట్టాను. ఒక్క దెబ్బకు స్టార్టయింది! ఏం శబ్దమండీ అది, పెద్ద పులి బొజ్జనిండా తిని గురకపెట్టినట్టు. వీధి చప్పట్లు కొట్టింది. గేరు వేశాను. క్లచ్ వదిలాను.

గుడుక్కుమని ఆగిపోయింది.

మళ్ళీ స్టార్టు చేశాను. మళ్ళీ గుడుక్కు. ఇంకాస్త యాక్సిలరేటర్ తొక్కాను. ఈసారి కాలిన వాసన కూడా వచ్చింది. చప్పట్లు ఆగిపోయాయి.

అన్న కిటికీ దగ్గరకు వచ్చి ఒకే ఒక్క మాటన్నాడు. "నిమ్మకాయ."

"దిష్టమ్మా, దిష్టి" అంది పాలామె.

ఎదురింటాయన లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. "ఇంత పెద్ద బండి ఆడోళ్ళకి కష్టమేలే. దిగమనండి, నేను తీస్తాను."

నా ఎడమ చెయ్యి అలవాటు ప్రకారం సీటు మధ్యలో తడిమింది. నేను రోజూ నడిపే చిన్న కారులో హ్యాండ్ బ్రేకు ఉండే చోటు అది. ఇక్కడ తోలు తప్ప ఏమీ లేదు. అప్పుడు చూపు కిందికి పోయింది. డాష్‌బోర్డు కింద ఆ గొడుగు పిడి, ముందు రోజు నేను రెండు చేతులా లాగింది లాగినట్టే, నాలుక చాపి వెక్కిరిస్తూ!

ఇప్పుడు చెప్పండి, నా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? దాన్ని తిప్పి వదిలితే 'టక్'మని ఊరంతా వినిపించే శబ్దం వస్తుంది. "హ్యాండ్ బ్రేకు తియ్యకుండా బండి తీసిందంట" అని ఈ కథ సాయంత్రానికి ఎక్కడో ఉన్న వేమగల్ ఫ్యాక్టరీ గేటు దగ్గర టీకొట్టు దాకా పోతుంది. లైసెన్సున్న ప్రతి ఆడదాని మొహాన కొడతారు. ఎదురింటాయన అయితే చచ్చేదాకా లుంగీ దించడు. పోనీ నిమ్మకాయకు ఒప్పుకుంటే? నా రెండు వ్యాసాలూ కళ్ళముందు నిలబడ్డాయి. ఒకదాన్ని బలి ఇవ్వాలి. బండి వ్యాసం పెద్దది, దానికి మెచ్చుకోళ్ళు ఎక్కువొచ్చాయి. నిమ్మకాయ వ్యాసం పాపం, ఒకటిన్నర పేజీ.

"సరే అన్నా" అన్నాను. "నీ తృప్తికి పెట్టుకో."

అన్న మొహం చూడాలి! నేను పుట్టినప్పుడు కూడా అంత సంతోషించి ఉండడు. జనమంతా చక్రాల వైపు వంగారు. నిమ్మకాయలు పెట్టారు. కర్పూరం వెలిగించారు. అన్న గుమ్మడికాయ ఎత్తి నేలకేసి కొట్టాడు. అది 'ఫట్'మన్న క్షణంలో నేను 'టక్'మనిపించాను.

సెల్ఫ్. గేరు. క్లచ్. నాలుగు నిమ్మకాయలూ పచ్చడి చేసుకుంటూ దొరసాని కదిలింది!

"చూసినావా! చూసినావా!" అని అన్న బండి వెంట పరిగెత్తాడు. సెల్వం దండం పెట్టాడు. పాలామె చెంపలు వేసుకుంది. అత్త మాత్రం ముందుకే చూస్తూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

తరవాతంతా గెలుపే. గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బలు దాటి, బేతమంగళం దాటి, రాగి చేల మధ్య దొరసాని పోతుంటే కలుపు తీసే ఆడవాళ్ళు నడుం ఎత్తి నిలబడి చూశారు. ఒక బైకాయన పక్కకు వచ్చి లోపల మగవాడి కోసం వెతికాడు. ముందు సీట్లో లేడు. వెనక సీట్లో చూశాడు. అక్కడా లేడు. డిక్కీ కూడా తెరిచి చూపించేదాన్ని, అడగలేదు. నా తల ఎంత పైకి పోయిందంటే పైకప్పు తగిలింది.

ఆవనిలో కొండ కింద, ముందు చక్రాలు ఎత్తు వైపు ఉండేలా బండి నిలిపాను. పిడి వైపు చూశాను. పొద్దున అంత పరువు తీసిన వస్తువును మళ్ళీ ముట్టుకోబుద్ధి కాలేదు. మళ్ళీ తీయడం మరిచిపోతే? నేల కూడా పెద్ద వాలుగా అనిపించలేదు. వదిలేసి దిగాను. జనం పలచబడితే దిగుతానని అత్త లోపలే కూర్చుంది.

కొండకు వచ్చిన ఆడవాళ్ళు నా చుట్టూ మూగారు.

"నువ్వే తోలుకోని వచ్చినావామ్మా?"

ఇంకేం కావాలి నాకు! దొరసానికి వీపు పెట్టి నిలబడి మొదలుపెట్టాను. రథం గురించి, మరిది గురించి, పగ్గాలు ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్ళదే అవడం గురించి. వాళ్ళ కళ్ళు పెద్దవయ్యాయి. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా మాటలకే అనుకున్నాను.

"అమ్మా, నీ బండి పోతా ఉండాది."

"పోతాది మరి! ఆడది తోలితే పోదా?"

"అయ్యో, ఎవురూ తోలకుండానే పోతా ఉండాదమ్మా!"

తిరిగి చూశాను. సెల్ఫీ కోసం బానెట్‌కు ఆనుకున్న కుర్రాళ్ళు గాలిలో చేతులు చాపి నిలబడి ఉన్నారు. దొరసాని మాత్రం నింపాదిగా, మర్యాదగా వెనక్కి నడుచుకుంటూ పోతోంది. లోపల అత్త. వెనకాల బొరుగులు, బత్తాసుల అంగడి. అంగడాయన గల్లాపెట్టె ఒక్కటే చంకన పెట్టుకుని పక్కకు దూకాడు.

చెప్పులు వదిలేసి పరిగెత్తాను. "అత్తా! బ్రేకు! హ్యాండ్ బ్రేకు! అదేమో డాష్‌బోర్డు కింద..."

నా మాట పూర్తి కాలేదు. అత్త నీళ్ళ బాటిలు సీటు మీద పెట్టింది. వంగింది. రెండు చేతులా లాగింది. 'కర్ర్'మని శబ్దం. దొరసాని వెనక బంపరు బొరుగుల మూటను ముద్దు పెట్టుకుని నిలిచింది. ఒక్క బత్తాసు కూడా విరగలేదు!

నేను ఆయాసపడుతూ కిటికీ పట్టుకున్నాను. చివరికి వచ్చిన మాట ఇది. "ఆ పిడి యాడుండాదో నీకెట్లా తెలిసిందత్తా?"

"పొద్దున చూసినాను కదే, మీ అన్న గుమ్మడికాయ కొట్టేటప్పుడు."

నేను వదిలేసిన చెప్పుల కోసం అటూ ఇటూ వెతికాను.

"ఇంగ చెప్పు" అంది అత్త. "ఇంతటితో చాలునా, చక్రం కింద నిమ్మకాయ కూడా పెట్టమంటావా?"

"అన్నకి చెప్పద్దత్తా."

"నేను చెప్పను. ఆ యమ్మని తెచ్చినోడు దింపన్నా దింపి పోయినాడు. నువ్వు దింపకుండానే పంపిస్తివి చూడు, అది మాత్రం ఆ యమ్మకి చెప్పల్ల."

కొండెక్కి చెప్పేసింది కూడా. ఇంటికొచ్చేదాకా అత్త ఆ పిడి మీద నుంచి చెయ్యి తీయలేదు.

నోరు మూసుకున్నందుకు అత్త ఒక లంచం అడిగింది. తనకు బండి నేర్పాలట! ఈ వయసులోనా అని నేనే అనబోయి, నా వ్యాసాలు గుర్తొచ్చి ఆగాను. ఈలోపు వారమంతా వీధిలో నిమ్మకాయ పేరే. సెల్వం తన షెడ్డుకు నిమ్మకాయల దండ కట్టి, "నాస్తికుల బండినే నడిపించిన కాయ" అని వచ్చినవాళ్ళందరికీ చూపించడం మొదలుపెట్టాడు.

నిన్న మొదటి పాఠం. అత్త కొంగు బిగించి స్టీరింగు ముందు కూర్చుంది. నేను పక్కన, గురువును. వాకిట్లో అదే జనం. అన్న ముందుజాగ్రత్తగా పళ్ళెంతో సిద్ధం. నేను గొంతు సవరించుకుని గేరు గురించి, క్లచ్ గురించి, ఆత్మవిశ్వాసం గురించి చెప్పాను. అత్త స్టార్టు చేసింది. క్లచ్ వదిలింది.

గుడుక్కు.

"మెల్లగా వదలత్తా" అన్నాను. మళ్ళీ గుడుక్కు.

అన్న కిటికీలోకి వంగి, పరమ తృప్తిగా, "నిమ్మకాయ" అన్నాడు.

అత్త నా వైపు చూసింది. క్లాసులో ఎక్కం తప్పిన పిల్లను చూసినట్టు చూసింది. తరవాత అన్న వైపు తిరిగి, వెనక బెంచీకి కూడా వినబడే గొంతుతో, "హ్యాండ్ బ్రేకు" అంది. వంగి, పిడి తిప్పి వదిలింది. 'టక్.' ఏ గుమ్మడికాయ అడ్డమూ లేదు. వీధి వీధంతా విన్నది.

మళ్ళీ స్టార్టు చేసింది. దొరసాని కదిలింది. సన్నగా, సాఫీగా, అత్త చేతుల్లో.

అన్న పళ్ళెం పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు. నిమ్మకాయల వైపు చూశాడు. పిడి వైపు చూశాడు. ఆఖరికి నా వైపు చూశాడు. "అంటే... పోయిన ఆదివారం కూడానా?"

ఇంక దాచడానికి ఏముంది? తల ఎత్తాను.

"ఇంత పెద్ద ఇంజను కూడా లాగలేకపోయింది చూడన్నా! నేను దగ్గరుండి చేయించిన బ్రేకు అది!"