లెక్కల మాస్టారి మిమిక్రీ

క్రిస్మస్ సెలవులు కదా అని ఈ రోజు మా స్కూలు స్టాఫంతా కళింగపట్నం బీచికి వెళ్లాం. భోజనాలయ్యాక కబుర్లలో పడ్డాం. లెక్కల మాస్టారు లేచి, ఏడో తరగతిలో నత్తి ఉన్న అమ్మాయి ఎక్కం ఎలా అప్పజెబుతుందో చేసి చూపించారు. అందరూ పగలబడి నవ్వారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ నవ్వాను.

విస్తళ్లు తీస్తున్న మా ఆయా సింహాచలమ్మ మాత్రం నవ్వలేదు.

“ఏటి బాబూ ఆ నవ్వులు? ఆ పిల్ల నాతో గలగలా మాటాడతాది. మీ ముందరే నోరు పెగల్దు,” అంది.

“ఏదో సరదాకి ఆయమ్మా,” అని మాస్టారు మళ్లీ చేసి చూపించారు. మళ్లీ నవ్వులు.

ఈసారి నాకు అసహ్యం వేసింది. ఇంటికొచ్చినా ఆ అసహ్యం పోలేదు, అందులో సగం నా మీదే. మీరైతే ఆయన మొహం మీద ఏమనేవారు? చెప్పండి, స్కూలు తెరిచిన రోజు అదే అంటాను.