పాకాల అడవిలో ఈలకు బదులు

మా ఆయన జనగామ సంతలో పాత బైనాక్యులర్ ఒకటి కొన్నారు. నెల రోజులైనా దాంతో ఎదురింటి పావురాలను తప్ప మరో జీవిని చూడలేదు. విసుగొచ్చి, అసలైన అడవికే పోదాం పదండని నేనే బయల్దేరదీశాను. డెబ్బైల చివర, చలి తగ్గుముఖం పట్టిన మాఘమాసం. రైల్లో మహబూబాబాద్ చేరి, రాత్రి మా పెద్దమ్మ ఇంట్లో పడుకుని, పొద్దున్నే గూడూరు మీదుగా కొత్తగూడ వెళ్ళే మొదటి బస్సెక్కాం. దారి పొడుగునా దుమ్ము తిన్నాం.

బస్సు దిగిన చోట టీ కొట్టాయన మాకు తోడుగా సమ్మయ్యను పంపాడు. అడవిలో తిరిగి పెరిగిన మనిషి. కాలిబాట మొదట్లో ఒక రాయి ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళు పచ్చి కొమ్మ విరిచి దాని ముందు పెట్టాలి, తిరిగొచ్చాక ఎవరిది వాళ్ళు తీసేయాలి. మేం ముగ్గురం పెట్టాం. అక్కడ అప్పటికే ఇంకో కొమ్మ ఉంది, ఆకులు వాడిపోయి.

"ఆ కొమ్మ ఎవరిది?" అన్నాను.

"మా తమ్మునిదమ్మా. తేనెకు పోయిండు. వారమాయె, ఇంక రాలె."

"మరి ఎవరూ వెతకలేదా?" అన్నారు మా ఆయన.

"ఊరోళ్ళు దేవులాడిన్రు సారూ. ఇగ ఇడిసిపెట్టిన్రు. ఒక్కన్నే పోవాలంటె నాకు భయమైతది. మీరుంటె వాగు దాకా పోతా."

దుప్పులను చూద్దామని వచ్చిన మాకు ఇక వాటి మీద ధ్యాస ఎక్కడిది! ఎండు టేకాకుల మీద మా అడుగుల చప్పుడే మాకు గుబులు పుట్టించింది. ఒకచోట దుప్పుల మంద కనిపించింది. అవి మమ్మల్ని కాదు, మా వెనక దేన్నో చూస్తున్నాయి. వెనక్కి తిరిగితే ఏమీ లేదు. సమ్మయ్య కాసేపటికోసారి నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేస్తున్నాడు.

వాగు దగ్గర బదులొచ్చింది. పొడుగాటి ఈల, చివర పైకి లేచింది.

"మావోడే!" అని సమ్మయ్య ముళ్ళలో పడి పరుగెత్తాడు. వెనకే మేమూ. మద్దిచెట్టు కింద ఎవరూ లేరు. ఈల మళ్ళీ నెత్తి మీద వినిపించింది. మా ఆయన బైనాక్యులర్ ఎత్తి చూసి, నా చేతికిచ్చారు. నల్లటి పిట్ట. తోక నుంచి రెండు సన్నటి ఈకలు వేలాడుతున్నాయి. అదే ఈల వేస్తోంది.

సమ్మయ్య అక్కడే కూలబడ్డాడు. "గీ పిట్ట ఇన్నది ఇన్నట్టు కూస్తదమ్మా. గిది మా తమ్ముని ఈలనే. ఒక్కసారి ఇంటె రాదు దానికి. ఈడ కూసోని ఎంతసేపు పిలిసిండో."

పొద్దు వాలేదాకా వాగు రెండు పక్కలా వెతికాం. ఏమీ దొరకలేదు. రాయి దగ్గరికొచ్చి మా కొమ్మలు తీసేశాం. సమ్మయ్య తమ్ముడి కొమ్మ తీసి, దాని చోట కొత్తగా పచ్చి కొమ్మ పెట్టాడు. "ఎండిపోతె ఇగ రాడనుకుంటరు" అన్నాడు. అంతలో అడవిలోంచి ఈల వినిపించింది. "పిట్టేనమ్మా" అన్నాడు. అన్నవాడే వేళ్ళు నోట్లో పెట్టుకుని బదులిచ్చాడు.

ఆ తర్వాత చాలా అడవులు చూశాం. ఎక్కడ పిట్ట కూసినా, అది ఎవరి గొంతోనని ఇప్పటికీ భయమేస్తుంది. అటు వెళ్ళేవాళ్ళు చీకటి పడకముందే కొత్తగూడలో తిరుగు బస్సు పట్టుకోండి. రాయి దగ్గర మీ కొమ్మ తీయడం మరవకండి. పక్కన వాడిన కొమ్మ కనిపిస్తే, దాని చోట ఒక పచ్చిది పెట్టి రండి.